మార్తమ్మ మైకు పట్టుకున్న మధ్యాహ్నం

వెల్లుల్లి కలిపిన వెన్న వేడి బన్ను మీద కరుగుతున్న వాసన ఎక్కడ తగిలినా నాకు ముందుగా ఒక మైకు గుర్తొస్తుంది. మొన్న వరంగల్‌లో ఖలీల్ బేకరీ ముందు ఆటో ఆగినప్పుడు ఆ వాసన వచ్చింది. హనుమకొండలోని ఆ ఫంక్షన్ హాలు, గోడ వెంట వరసగా వేసిన మూడు బల్లలు, వాటి మీద ఆవిరి కక్కుతున్న బన్నుల ట్రేలు, చేతుల్లో కాగితపు ప్లేట్లతో నిలబడ్డ జనం ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చారు. దవాఖాన డాక్టర్లు, నర్సులు, ఆయాలు, డ్రైవర్లు, వాళ్ల పిల్లాజెల్లా అంతా ఉన్నారు. ఏ ట్రేలో ఏముందో రాసి అతికించిన చీటీలన్నీ భట్టీలో మాడి నల్లబడ్డాయి. ఆ రోజు రిటైరవుతున్న హెడ్ నర్సు మార్తమ్మ, పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని, వ్యాఖ్యాత చేతిలోని మైకు తీసుకుంది. వేలితో రెండుసార్లు తట్టింది.

"అందరు వింటాన్రా? ఈ చివరి బల్ల మీద ఉన్నది పెద్దకూర. బర్రె కూర. నేనే వండిన. నడిమి బల్ల మీదిది కోడికూర. ఆ దిక్కుది పన్నీరు. తినేటోళ్లు తినుండ్రి, తిననోళ్లు పక్క బల్లకు పోండ్రి. తెల్వక తిన్నమని రేపు ఎవ్వరు అనద్దు."

హాలు నిశ్శబ్దమైపోయింది. మా వైపు ఆ కూర వండుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పేరును నలుగురిలో పైకి అనే చోట్లు మాత్రం చాలా తక్కువ. మైకులో ఆ మాట వినడం నాకైతే అదే మొదటిసారి. ఆమె ఆ మాట ఎందుకు అనాల్సి వచ్చిందో, దాని కోసం ఎంతకాలం ఎదురుచూసిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

నేను పత్రికలో చేరిన కొత్తలో నాకు దవాఖానలు అప్పగించారు. ప్రమాదాలు, జ్వరాలు, ధర్నాలు అన్నీ నావే. ఒక రోజు పక్క ఊళ్లో విందు తిని జబ్బుపడిన వాళ్లను హనుమకొండలోని ఆ ప్రైవేటు దవాఖానకు తెచ్చారని తెలిసి పరుగెత్తాను. వార్డులో తెల్లచీర కట్టుకున్న ఒక ఎత్తైన మనిషి మంచం నుంచి మంచానికి తిరుగుతోంది. గొంతు వార్డు చివరిదాకా వినిపిస్తోంది. నేను పరిచయం చేసుకుని, విషాహారమని రాసుకుంటానని అన్నాను. ఆమె సెలైన్ గొట్టం సరిచేస్తూ నా వైపు చూడకుండానే అడిగింది.

"విషం ఎవరు పెట్టిన్రు? నువ్వు చూసినవా?"

"అట్లా రాయడం అలవాటు సిస్టర్."

"మాకు గా అలవాటు లేదు తమ్మీ. ఏం తిన్నరో అడుగుతం. అది తెలిస్తెనే పని ముందుకు పోతది."

చివరి మంచం మీద ఒక ముసలమ్మ ఉంది. ఏం తిన్నావని డాక్టరు అడిగితే పప్పన్నమంది. మళ్లీ అడిగినా అదే జవాబు. మార్తమ్మ ఆమె పక్కన మంచం మీదే కూర్చుంది. గొంతు తగ్గించింది. ఆమెకు గొంతు తగ్గించడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది. "అవ్వా, పప్పు తింటే గిట్ల కాదు. నేను గూడ పెద్దకూర తినేదాన్నే. చెప్పు. ఇయ్యాల్టిదా, నిన్నటిదా?" ముసలమ్మ ముందు ఆమె మొహం చూసింది, తర్వాత నన్ను చూసింది. మార్తమ్మ కనుసైగతో నన్ను బయటికి పంపేసింది. కాసేపటికి వరండాలోకి వచ్చి, "నిన్నటిదేనట. అన్నం తిన్నంత సేపు బాగనే ఉన్నదట. ఇగ ఆమె సంగతి మాకు తెలిసింది" అని ఊపిరి పీల్చుకుంది. తర్వాత నాతో కాకుండా గోడతో అన్నట్టు అంది, "తిన్నదాని పేరు చెప్పనీకి సిగ్గుపడి పానం మీదికి తెచ్చుకుంటరు. ఎవరు నేర్పిన్రో గా సిగ్గు."

మర్నాడు నా వార్తలో 'నిల్వ ఉన్న మాంసం' అని వచ్చింది. నేను రాసింది వేరు, వార్తలు దిద్దే డెస్కులో మార్చింది వేరు. ఆ సాయంత్రం దవాఖానకు వెళితే ఆమె పత్రిక మడిచి పట్టుకుని నిలబడి ఉంది. "మీ పేపర్ల కోడికి పేరుంటది, మేకకు పేరుంటది, చేపకు గూడ ఉంటది. దీనికి ఒక్కదానికే ఎందుకు లేదు?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. ఆ ప్రశ్నతోనే మా పరిచయం మొదలైంది. వార్తల కోసం వెళ్లేవాణ్ని, టీ తాగి వచ్చేవాణ్ని. రాసిన ప్రతి మాట గురించీ ఆమె అదే అడిగేది. 'ఉద్రిక్తత' అని రాస్తే, "అంటే కొట్టుకున్నరా, తిట్టుకున్నరా?" అనేది. 'అవాంఛనీయ సంఘటన' అన్న మాట చూసి ఒకసారి పది నిమిషాలు నవ్వింది. పత్రికా రచనలో నాకు దొరికిన గురువులు కొందరున్నారు. వాళ్లలో ఎక్కువ పని చేయించింది, పత్రికతో ఏ సంబంధమూ లేని ఈ నర్సే.

ఆమె పుట్టింది మరిపెడ దగ్గర ఒక పల్లెలో. కూలి చేసుకుని బతికిన కుటుంబం. తండ్రి పండుగకో, చుట్టం వస్తేనో పెద్దకూర తెచ్చేవాడట. తల్లి వండేదట. చదువుకుని నర్సయ్యాక కూడా ఆ రుచి వదలలేదు, వదలాలని అనుకోలేదు. దవాఖానలో మాత్రం ఒక ఇబ్బంది వచ్చింది. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఆమె డబ్బా తెరిస్తే భోజనాల గదిలో ఎవరో ముక్కు మూసుకున్నారు. అది తేకపోతే బాగుంటుందని పైవాళ్లు మర్యాదగానే చెప్పారు. ఆమె కూర మానలేదు, గది మార్చింది. మంచాల దుప్పట్లు మడిచి పెట్టే చిన్న గదిలో తినడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం నేను వెతుక్కుంటూ అక్కడికి వెళ్లాను. జాలిపడే దృశ్యమేదో చూస్తానని అనుకున్నాను. లోపల ఆరేడుగురు దుప్పట్ల మూటల మీద కూర్చుని నవ్వుకుంటూ తింటున్నారు. మార్తమ్మ అందరికీ వడ్డిస్తోంది. ఎవరికీ అవకాశం ఇవ్వకుండా తన వంటను తానే పొగుడుకుంటోంది.

"ఈ ముక్క చూసినవా, నోట్లె ఎట్ల కరుగుతాందో? హైదరాబాదుల ఏ హోటళ్ల గూడ ఇట్ల రాదు. నా చేతికి బంగారు గాజులు తొడగాలె అసలు."

"తొడిగితే కూరల పడుతయి అక్కా" అంది సునీత. అప్పటికి ఆమె కొత్తగా చేరిన నర్సు. తర్వాత మార్తమ్మకు కుడిభుజమైంది.

అందరూ వెళ్లాక నేను అడిగాను, ఇక్కడ తినడం కష్టంగా లేదా అని. డబ్బా కడుక్కుంటూ చెప్పింది. "నా కూర బాగ లేదంటే ఒప్పుకుంట, మల్ల వండుత. దాని పేరు బాగ లేదంటే ఎట్ల ఒప్పుకుంట తమ్మీ? ఒక్క దినమన్న ఈ దవాఖాన మొత్తానికి నా చేతితోని పెట్టాలె. దాని పేరు చెప్పి పెట్టాలె. అందరు తినేది ఒక్క గదిల అయితే చాలు నాకు." అప్పుడది ఒక కోరికలా వినిపించింది. అది పట్టుదల అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి నా తల నెరిసింది, నేను డెస్కులో పెద్దవాణ్నయ్యాను, ఆమె రిటైర్మెంటు దగ్గరపడింది.

వీడ్కోలు కమిటీకి కార్యదర్శి రాజమౌళి. ల్యాబ్ టెక్నీషియన్. మంచివాడు, అందరితో మంచిగా ఉండాలనుకుంటాడు, అందుకే అందరికీ భయపడతాడు. క్యాటరింగ్ వాళ్లతో శాకాహార భోజనం మాట్లాడబోతుంటే మార్తమ్మ ఆపేసింది.

"రిటైర్ అయ్యేది నేను. పెట్టేది గూడ నేనే."

"పెట్టుండ్రి అక్కా, ఎవరు వద్దన్నరు. కాని అది గూడ పెడుతరా?"

"అది గూడ పెడత. కోడి పెడత, పన్నీరు పెడత. ఎవరిది వాళ్లకు."

"సరే. పేరు మాత్రం జర వేరే రాద్దాం. స్పెషల్ కీమా అని రాస్తే పోతది. పెద్ద డాక్టర్లు వస్తరు, వాళ్ల ఇంటోళ్లు వస్తరు."

"రాజమౌళీ, నువ్వు రక్తం సీసా మీద ఎవరి పేరు రాస్తవ్?"

"పేషెంటుదే రాస్త."

"స్పెషల్ పేషెంట్ అని రాయవు గదా. మరి నాకెందుకు చెప్తానవ్?"

అంత మందికి ఒకేసారి వేడిగా పెట్టాలి, నిలబడి తినేలా ఉండాలి. బిర్యానీ అయితే గుండిగలు, వంటవాళ్లు కావాలి. వంట తన చేతిలోంచి జారిపోతుంది. సునీత ఫోనులో ఒక వీడియో చూపించింది. ఒకదానికొకటి అంటుకుని పలకలా ఉన్న చిన్న బన్నులను విడదీయకుండా అడ్డంగా కోసి, మధ్యలో కీమా, చీజ్ పరిచి, పై సగం మూతలా పెట్టి, ట్రే మొత్తాన్ని ఓవెన్‌లో కాల్చడం. మార్తమ్మ రెండుసార్లు చూసి, "మందిని సాదనీకి మంచి ఉపాయం ఇది" అంది. బేకరీ ఖలీల్ నా చిన్ననాటి దోస్తు. మా నాన్న కిరాణా దుకాణం పక్కనే వాళ్ల నాన్న బేకరీ ఉండేది. పొద్దుటి రొట్టెలు తీశాక భట్టీ ఖాళీగా ఉంటుంది, ఎన్ని ట్రేలైనా పెట్టుకొమ్మన్నాడు. కాకపోతే ముందొక ట్రే కాల్చి చూసుకొమ్మన్నాడు.

ఆ మొదటి ట్రే పాడైంది. కీమాలోని రసం కింది రొట్టెలోకి దిగి, బన్ను ఎత్తితే అడుగు ఊడి ట్రేలోనే ఉండిపోయింది. మార్తమ్మ దాన్ని చెంచాతో తింటూ, రుచికి ఏ లోటూ లేదని తనను తాను పొగుడుకుంటూనే ఆలోచించింది. తర్వాతి ఆదివారం కీమాను అల్లం వెల్లుల్లితో, ఉల్లిగడ్డతో, నూనె తేలి గిన్నె అడుగు చిటపటలాడేదాకా వేయించింది. నీటి చుక్క మిగలనివ్వలేదు. కారానికి ఎనుమాముల మార్కెట్‌లో కొన్న చపాటా మిరపను దంచి వేసింది. దానికి రంగు ఎక్కువ, మంట తక్కువ, పిల్లలూ తినగలరు. కింది రొట్టె మీద ముందు చీజ్ పరిచి, దాని మీద కీమా, ఆపైన మళ్లీ చీజ్ వేసింది. "పుండు మీద ముందు ఒక పొర వేసి దూది పెడ్తం గదా, అట్లనే" అంది. తినబోయే వాళ్ల ముందు ఆ పోలిక వద్దని సునీత చెయ్యి పట్టుకుంది. పైన వెల్లుల్లి వెన్న పూసి, నువ్వులు చల్లి, మొదట ఫాయిల్ కప్పి, చీజ్ కరిగాక ఫాయిల్ తీసి కాల్చారు. ట్రే బయటికి వచ్చినప్పుడు పైభాగం బంగారు రంగులో ఉంది. బన్ను విడదీస్తే చీజ్ దారంలా సాగింది. ఖలీల్ ఒకటి తిని, ఇంకొకటి తిని, "అక్కా, రిటైరయినంక ఏం జేస్తానవ్? నా దుకాణంల కూసో" అన్నాడు.

వీడ్కోలు రోజు పొద్దున బేకరీలో పని చూడముచ్చటగా సాగింది. పన్నీరు పనిని మార్తమ్మ, శాకాహారం తినే ఇద్దరు క్లర్కులకే అప్పగించింది. వాళ్లకు వేరే బల్ల, వేరే కత్తులు, వేరే గిన్నెలు. ఆ బల్ల దగ్గరికి తాను కూడా వెళ్లలేదు, దూరం నుంచే అరిచి చెప్పింది. పన్నీరు ట్రేలు ముందు భట్టీలోకి వెళ్లాయి. ఏ ట్రే ఏదో తెలియడానికి నర్సులు ప్రతి ట్రే పక్కన తెల్లటి ప్లాస్టర్ ముక్క అతికించి పెన్నుతో పేరు రాశారు. సెలైన్ సీసాల మీద, మందు గిన్నెల మీద జీవితమంతా అలాగే రాసి అతికించిన చేతులవి. అది భట్టీలోకి వెళుతుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. పెద్దకూర ట్రేల మీద పేరు మార్తమ్మే రాసింది, పెద్ద అక్షరాలతో. తర్వాత అందరూ చీరలు మార్చుకోవడానికి వెళ్లారు. ఖలీల్ పనివాళ్లు ట్రేలు తీసి, మళ్లీ ఫాయిల్ కప్పి, వ్యానులో హాలుకు చేర్చారు.

హాలులో ఫాయిల్ తీశాక తెలిసింది. అన్ని ట్రేలూ ఒకే బంగారు రంగులో, ఒకే నువ్వులతో ఉన్నాయి. పక్కన ప్లాస్టర్ ముక్కలు మాడి ముడుచుకుపోయాయి. సునీత మొహం పాలిపోయింది. రాజమౌళి మాత్రం కొంచెం తేలికపడ్డాడు. "మంచిదే అయింది అక్కా. పేరు రాసినం, అది పోయింది. మన తప్పేం లేదు. చూసి సర్దుదాం. అడిగినోళ్లకే చెప్పుదాం" అన్నాడు.

మార్తమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. ప్రతి ట్రే నడిమధ్య నుంచి ఒక్కో బన్ను తీసి విప్పి చూసింది. పన్నీరు ట్రేలు విప్పడానికి క్లర్కులనే పిలిచింది. ఏ ఒక్క ట్రేనూ ఊహ మీద వదల్లేదు. విప్పిన బన్నును లోపలి భాగం కనిపించేలా ఆ ట్రే ముందే పెట్టింది. కోరినంత కాలం కోరి, తీరా ఆ రోజు వచ్చేసరికి రాసిన పేరు మాడిపోయింది. ఆమె చుట్టూ చూసింది. మైకు కనిపించింది.

పెద్దకూర అని ఆమె మైకులో చెప్పాక అందరూ ప్లేట్లతో అక్కడే నిలబడిపోయారు. ఆమె మైకు దించలేదు. ఒక్కరూ కదలకపోతే ఏమవుతుందన్న భయం నాకే వచ్చింది, ఆమెకు రాకుండా ఉంటుందా. అప్పుడు వెనక వరస నుంచి అంబులెన్సు నడిపే మల్లయ్య గొంతు వినిపించింది. "సిస్టరమ్మా, చెప్పుడైందా? ఆకలైతాంది. నాకు రెండు పెట్టు."

ఎవరో నవ్వారు. మల్లయ్య ప్లేటు చాపుకుంటూ చివరి బల్ల దగ్గరికి నడిచాడు. అతని వెనక భార్య, ఇద్దరు ఆయాలు, తర్వాత దుప్పట్ల గదిలో తిన్న నర్సులంతా వచ్చారు. తర్వాత నేను ఎన్నడూ ఊహించని వాళ్లు కూడా కదిలారు. బిల్లింగ్ కౌంటరు అమ్మాయి వచ్చింది, ఎక్స్‌రే గది పెద్దాయన వచ్చాడు, ఒక కుర్ర డాక్టరు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వరస తలుపు దాటి వరండాలోకి పోయింది. "నువ్వు గూడ తింటవా? ఇన్నేండ్ల నుంచి నాకు చెప్పనే లేదు" అని ఒకరినొకరు అడగడం వినిపిస్తోంది. "నువ్వు అడిగితివా మరి?" అన్న జవాబులూ వినిపిస్తున్నాయి. ఒక ఆయా బన్ను కొరుకుతూ అంది, "ఇన్నొద్దులు తలుపేసుకొని తిన్నం. ఇయ్యాల లైన్ కట్టి తింటానం." మార్తమ్మ వడ్డిస్తూనే ఉంది. ఎవరు ఏం పొగిడినా, "నాకు తెలుసు, నాకు తెలుసు" అంటోంది.

పెద్ద డాక్టరు గారు పన్నీరు బల్ల దగ్గర ప్లేటు పెట్టించుకున్నారు. ఆయన ఇంట్లో గుడ్డు కూడా తినరు. ప్లేటు పట్టుకుని నడుచుకుంటూ చివరి బల్ల దగ్గరికి వచ్చి మార్తమ్మ పక్కన నిలబడ్డారు. "ఇక్కడే నిలబడి తింటానమ్మా, ఇబ్బందేమీ లేదు కదా" అన్నారు. "తినుండ్రి సార్, జాగ ఉన్నది" అంది ఆమె. నేనూ పన్నీరుదే తిన్నాను. మా ఇంటి అలవాటు అది. నేను మొహమాటంగా చివరి బల్ల వైపు చూస్తుంటే ఆమె గరిటెతో చూపించి, "నీది ఆ బల్ల తమ్మీ. నా కోసం నువ్వు తినుడు వద్దు, మంచిగ రాస్తే చాలు" అంది.

అన్నిటికన్నా ముందు ఖాళీ అయినవి పెద్దకూర ట్రేలు. అందరికీ సర్ది చివర్లో వచ్చిన రాజమౌళి ఖాళీ ట్రే చూసి, "అయిపోయిందా అక్కా?" అన్నాడు.

"నువ్వు స్పెషల్ కీమా అడిగితివి గదా. మా దగ్గర అది లేదు."

అతను తల గోక్కుంటూ, "సరే, పెద్దకూరనే పెట్టు" అన్నాడు, చుట్టూ చూసి, కాస్త మెల్లగా. ఆమె తన కోసం కొంగు కింద కప్పి ఉంచుకున్న ఒక్క బన్నును సగం విరిచి అతని ప్లేటులో వేసింది. మిగతా సగం తాను తింది. హాలంతా చూస్తూ నమిలింది. గెలిచిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఎన్నికల ఫలితాల రోజుల్లో చాలాసార్లు చూశాను. ఆ మధ్యాహ్నం చూసినంత నిండుగా మళ్లీ చూడలేదు.

మార్తమ్మ నిరుడు చలికాలంలో పోయింది. చివరి వారం దవాఖానలోనే, తన వార్డులోనే ఉంది. పక్క మంచాల వాళ్లను ఏం తిన్నారని అడుగుతూనే ఉంది. నేను ఉద్యోగం నుంచి దిగిపోయినా జర్నలిజం చదివే పిల్లలు రాసినవి దిద్దమని తెస్తుంటారు. మెత్తటి మాట కనబడితే నా కలం అక్కడే ఆగుతుంది. లోపల ఏముందో విప్పి చూపించమంటాను. కొందరికి విసుగొస్తుంది. నేను మానలేదు.

ఇప్పుడు ఆ దవాఖానలో ఎవరు రిటైరైనా ఆ బన్నులే పెడుతున్నారు. చేసేది సునీత, కాల్చేది ఖలీల్ భట్టీలో. వచ్చే ఆదివారం ఎక్స్‌రే గది పెద్దాయన వీడ్కోలు. మెనూ నాకు వాట్సాప్‌లో వచ్చింది. పన్నీరు బన్ను, చికెన్ బన్ను, స్పెషల్ బన్ను అని ఉంది. రాజమౌళికి ఫోన్ చేసి, స్పెషల్ అంటే ఏందని అడిగాను.

"మీకు తెల్వదా సార్?"

"నాకు తెలుసు. ఎందుకు రాయలేదని అడుగుతాన."

"కమిటీల సగం మంది రాద్దామంటాన్రు, సగం మంది వద్దంటాన్రు. ఇంకా తేలలే సార్" అన్నాడు.

నువ్వు ఏ సగమని అడిగాను. ఆదివారం లోపల చెప్తానన్నాడు. ఈ రోజు శుక్రవారం. ఇంకా చెప్పలేదు.